ఎన్ని కలిపినా నలభయ్యే

రాళ్లకొట్టాలలో మద్దిలేటి అనే ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. ఏదైనా ఒక్కదాన్ని పట్టి చూసి, అలాంటివి ఎన్ని చేరినా అంతేనని తేల్చేయడం అతని గుణం.

పనిమంతుడే. కరెంటు స్తంభాలు చేరని గుట్ట మీది ఇళ్లకు, గొర్రెల కాపరుల కొట్టాలకు సోలార్ దీపాలు బిగించేవాడు. ఒక పలక, ఒక బ్యాటరీ, రెండు దీపాలు. కాస్త పెద్ద ఇల్లయితే రెండు మూడు పలకలు పక్కపక్కన పెట్టి, ప్లస్సులన్నీ ఒకచోటికి, మైనస్సులన్నీ ఒకచోటికి కలిపేవాడు. అలా కలిపితే దీపాలు ఎక్కువసేపు వెలిగేవి కానీ వోల్టేజి పెరిగేది కాదు. ఎవరైనా జంకితే పలక వైర్లు రెండూ ఉత్త వేళ్లతో పట్టుకుని చూపించేవాడు.

"చూడండి, చీమ కుట్టినంత కూడా లేదు. ఎండలోంచి వచ్చే కరెంటు మనిషినేం చేస్తుంది?" అనేవాడు.

పిల్లలు కూడా వచ్చి ముట్టుకునేవారు. ఏమీ అయ్యేది కాదు. అందరికీ అతని మాట మీద గురి కుదిరింది. అతనికి తన మాట మీద అంతకన్నా ఎక్కువ గురి ఉండేది.

మద్దిలేటి చెల్లెలు సుంకమ్మ పక్క ఊరిలో ఉండేది. ఆమె, ఆమె భర్త ఓబులేసు ఉల్లి సాగు చేసేవారు. ఆ ఏడు వాళ్ల బోరుకు సోలార్ మోటారు వచ్చింది. పొలం గట్టున ఇనుప స్టాండు మీద పదహారు పలకలు వరుసగా బిగించారు. వాటి నుంచి రెండు లావుపాటి వైర్లు నేలలోని పైపు గుండా బోరు దగ్గరి మోటారు పెట్టెలోకి వచ్చేవి. పెట్టె మీద పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర కాగితం అంటించి ఉండేది.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఉల్లి గడ్డ ఊరే సమయానికి ఎండలు ముదిరాయి. ఒక ఉదయం నీళ్లు పారుతూ పారుతూనే మోటారు ఆగిపోయింది. పెట్టెలో ఎర్ర దీపం వెలిగింది. ఓబులేసు భయస్తుడు. దేన్నీ ముట్టుకోకుండా, మోటారు బిగించిన కంపెనీకి ఫోన్ చేశాడు. తస్లీమా అనే టెక్నీషియన్ మాట్లాడింది.

"వైరు ఎక్కడో దెబ్బతిన్నట్టుంది. రేపు పొద్దున్నే వస్తాను. అంతవరకు ఎవరూ చేయి పెట్టొద్దు. మోటారు ఆగినా ఆ వైర్లలో కరెంటు ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ ఉంటుంది," అంది.

"ఒక్క రోజే కదా, ఆగుదాం," అన్నాడు ఓబులేసు.

సుంకమ్మ మడుల వైపు చూసింది. ఉల్లి ఆకులు అప్పుడే తలలు వాల్చాయి. ఆమె భర్తకు చెప్పకుండా అన్నకు ఫోన్ చేసింది.

మద్దిలేటి బండి మీద వచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. ఓబులేసు అతనికి తస్లీమా చెప్పిన మాటలు చెప్పాడు. మద్దిలేటి నవ్వాడు.

"కంపెనీ వాళ్లు అలాగే భయపెడతారు ఓబులేసూ. లేకపోతే వాళ్లను పిలిచేదెవరు?"

"పుర్రె బొమ్మ ఊరికే అంటించరు కదా బావా."

 మద్దిలేటి స్టాండు కిందికి వెళ్లి, వరుసలో చివరి పలక వైర్లు రెండూ ఊడదీశాడు. సంచిలోంచి మీటరు తీసి వాటికి ఆనించాడు. నలభై అని చూపించింది. మీటరు పక్కన పెట్టి, వైర్ల కొసలకున్న ఆ రెండు పిన్నులూ ఎడమ చేతి వేళ్ల మధ్య పెట్టుకుని ఓబులేసు ముఖంలోకి చూశాడు.

"నలభై వోల్టులు. ఏమైంది నాకు?"

ఓబులేసు ఆ వేళ్ల వైపే చూశాడు. సుంకమ్మ మాత్రం ఆ పొడుగాటి వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"అన్నా, అది ఒక్కదానిదే కదా. అన్నీ కలిస్తే ఎంతవుతుంది?" అని అడిగింది.

"ఎన్ని కలిపినా నలభయ్యే. నేను బిగించే ఇళ్లలో చూడలేదా?" అన్నాడు మద్దిలేటి.

మీటరు అతని పక్కనే ఉంది. మొత్తం వరుసకు ఆనించి చూడడానికి ఎంతోసేపు పట్టదు. కానీ తెలిసిన విషయాన్ని కొలవడం ఎందుకనుకున్నాడు. చివరి పలక వైర్లు తిరిగి బిగించి బోరు దగ్గరికి నడిచాడు.

బోరు చుట్టూ బురదగా ఉంది. మోటారు ఆగకముందు పారిన నీళ్లు అక్కడ ఇంకా నిలిచే ఉన్నాయి. పైపులోంచి వైర్లు బయటికి లాగితే సంగతి తెలిసింది. ఎలుకలు కొరికేశాయి. రెండు వైర్ల మీదా తొడుగు పోయి రాగి కనబడుతోంది.

"ఇంతే. ఈ ముక్క కోసేసి కొత్త ముక్క అతికితే సరి," అన్నాడు మద్దిలేటి.

పెట్టె మీది స్విచ్చి ఆపేశాడు. ఒక వైరు కోశాడు. తర్వాత రెండోది కోశాడు. పలకల వైపు కొసలకు తొడుగు చెక్కి, బెత్తెడు మేర రాగి బయటపెట్టాడు. రెండో కొస చెక్కేటప్పుడు అతని అరచేతిలో చిమచిమలాడింది. చెమటేమోననుకుని చేయి చొక్కాకు తుడుచుకున్నాడు. కొత్త వైరు, టేపు బండికి తగిలించిన ఇంకో సంచిలో ఉండిపోయాయి.

"సుంకమ్మా, ఇలా రా. నేను టేపు తెచ్చేదాకా ఈ రెండు కొసలూ బురదలో పడకుండా పట్టుకో. తడి తగిలితే రాగి పాడవుతుంది."

సుంకమ్మ చెప్పులు గట్టునే వదిలి బురదలోకి దిగింది. స్టాండు దగ్గర నిలబడి ఉన్న ఓబులేసు ఒక అడుగు ముందుకు వేశాడు.

"బావా, నేను పట్టుకుంటాలే. దాన్ని పైకి రమ్మను."

"ఎవరు పట్టుకుంటే ఏం? అదేమైనా పామా?" అన్నాడు మద్దిలేటి.

సుంకమ్మ కుడి చేయి చాచింది. మొదటి కొస అందుకుంది. ఆమె వేళ్లు రాగి మీద పడ్డాయి. ఆమెకేమీ కాలేదు. రెండో కొస అందుకోవడానికి ఎడమ చేయి చాచింది. మద్దిలేటి అందిస్తుండగా ఆ వైరు జారింది. ఆమె పాదాల పక్కన బురదలో పడింది.

ఆమె అరవలేదు. అరవడానికి వీల్లేకపోయింది. నోరు సగం తెరుచుకుని ఉండిపోయింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. కుడి చేయి పిడికిలి పట్టి వైరును వదలడం లేదు. బురదలో పడిన కొస దగ్గర నీళ్లు సన్నగా బుసబుసమన్నాయి. ఆమె కళ్లు మాత్రం అన్న మీదే ఉన్నాయి.

మద్దిలేటి ఆమె భుజం పట్టుకున్నాడు. ఎవరో దుడ్డుకర్రతో మోచేతి మీద కొట్టినట్టయింది. వెనక్కి పడ్డాడు. లేచాడు. పెట్టె దగ్గరికి తూలుతూ వెళ్లి స్విచ్చి కిందికి నొక్కబోయాడు. అది అప్పటికే ఆపి ఉంది. తానే ఆపాడు. కోసిన వైరుకు ఆ పెట్టెతో సంబంధమే లేదు.

ఆపడానికి ఇంకో స్విచ్చి ఎక్కడా లేదు. అతను తల ఎత్తి చూశాడు. నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడు. ఎండ ఉన్నంతసేపూ ఉంటుందన్న మాట అప్పుడు అతనికి అర్థమైంది. 

ఓబులేసు గట్టు మీది ఎండు వెదురు కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. భార్యను తాకకుండా, కర్రతో ఆమె చేతిలోని వైరును కొట్టాడు. పిడికిలి వదలలేదు. మళ్లీ కొట్టాడు. వదలలేదు.

"బావా, ఏదో ఒకటి చేయి. చచ్చిపోతుంది," అన్నాడు. 

మద్దిలేటి పలకల వైపు పరుగెత్తాడు. స్టాండు కిందికి దూరి పైకి చూశాడు. అంతకుముందు అక్కడే నిలబడ్డాడు కానీ ఆ వైర్లను చూడలేదు. ఇప్పుడు చూశాడు. ప్లస్సులన్నీ ఒకచోటికి రాలేదు. మైనస్సులన్నీ ఒకచోటికి రాలేదు. ఒక పలక మైనస్సు పక్క పలక ప్లస్సులోకి వెళ్లింది. దాని మైనస్సు ఆ పక్కదాని ప్లస్సులోకి వెళ్లింది. పదహారూ గొలుసులా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

గొలుసయితే ఎక్కడో ఒకచోట తెగితే చాలు.

దగ్గరగా ఉన్న పిన్నును పట్టుకున్నాడు. రెండు పక్కలా నొక్కితే గానీ అది ఊడదు. వేళ్లు జారిపోయాయి. మళ్లీ నొక్కాడు. మళ్లీ జారాయి. వెనక నుంచి ఓబులేసు కర్రతో కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగితే ఏం వినాల్సి వస్తుందోనని మద్దిలేటి వెనక్కి తిరగలేదు. ఈసారి రెండు చేతులతో నొక్కి లాగాడు. నీలంగా చిన్న మంట చిమ్మి పిన్ను ఊడింది.

సుంకమ్మ పిడికిలి విచ్చుకుంది. ఆమె పక్కకు ఒరిగిపోయింది. ఓబులేసు ఆమెను బురదలోంచి గట్టు మీదికి లాగి, ముక్కు దగ్గర చెవి పెట్టాడు. ఎంతసేపో అలాగే ఉన్నాడు. మద్దిలేటి దగ్గరికి రాలేకపోయాడు. స్టాండు కాలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఊపిరి ఆడుతోంది," అన్నాడు ఓబులేసు.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. దారిలో ఆమె కళ్లు తెరిచింది కానీ మాట్లాడలేదు. అరచేతిలో, అరికాలి కింద చర్మం కాలి తెల్లగా అయింది. డాక్టరు ఆమె గుండెకు మిషను తగిలించాడు.

"ప్రస్తుతానికి గుండె బాగానే కొట్టుకుంటోంది. కానీ ఇలాంటి షాక్ తర్వాత గంటలు గడిచాక కూడా తేడా రావచ్చు. రేపటిదాకా ఏమీ చెప్పలేను," అన్నాడు.

మద్దిలేటి, ఓబులేసు వార్డు బయట బల్ల మీద కూర్చున్నారు. మిషను చేసే చప్పుడు తలుపు సందులోంచి వినిపించేది. ఒక్కో చప్పుడుకూ మద్దిలేటి తర్వాతిదాని కోసం ఎదురుచూసేవాడు. రెండింటికీ మధ్య ఏ కాస్త ఎడం ఎక్కువైనట్టు అనిపించినా లేచి నిలబడేవాడు. ఓబులేసు అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది మద్దిలేటికి.

మర్నాడు తెల్లవారాక డాక్టరు ప్రాణభయం లేదన్నాడు. అప్పుడు అన్నను లోపలికి పిలిచారు. సుంకమ్మ చేతికి కట్టు ఉంది. ఆమె మాట నెమ్మదిగా, తడబడుతూ వచ్చింది.

"నాకు భయమేసింది అన్నా. కానీ నువ్వు ఏమీ కాదన్నావు కదా. అందుకే పట్టుకున్నా."

ఆమె నిందించడం లేదు. జరిగింది చెబుతోంది, అంతే. మద్దిలేటి తల దించుకుని బయటికి వచ్చాడు.

అతను నేరుగా పొలానికి వెళ్లాడు. తస్లీమా అప్పటికే అక్కడ ఉంది. పలకల మీద దళసరి పట్టాలు కప్పేసి, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, వైర్లు పరీక్షిస్తోంది. మద్దిలేటి ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది.

"మీరు ఇళ్లకు బిగించే పలకలు పక్కపక్కన నిలబడిన మనుషుల్లాంటివి అన్నా. పది మంది నిలబడ్డా ఎత్తు పెరగదు. ఇవి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడిన మనుషులు. ప్రతి ఒక్కరి ఎత్తూ కిందివాళ్ల ఎత్తుకు కలుస్తుంది. మీరే కొలవండి," అని ఇంకో జత గ్లౌజులు ఇచ్చింది.

మద్దిలేటి ఊడదీసిన పిన్నును ఆమె తిరిగి బిగించి, పట్టాలు తీసేసింది. బోరు వైపు వైర్ల కొసలకు అప్పటికే రబ్బరు మూతలు తొడిగి ఉన్నాయి. ఆమె తన పెద్ద మీటరు తీగల్లో ఒకదాన్ని వరుస మొదట్లో ఉంచి, రెండోదాన్ని ఒక్కో పలక దాటించుకుంటూ వెళ్లింది. మద్దిలేటి మీటరు పట్టుకుని అంకెలు చదివాడు.

"నలభై. ఎనభై. నూట ఇరవై. నూట అరవై."

ఒక్కో పలకకూ నలభై చొప్పున పెరుగుతోంది. అతని గొంతు తగ్గుతూ వచ్చింది. రెండొందలు దాటాక అతనికి చెల్లెలి నోరు కనబడింది, సగం తెరుచుకుని. మూడొందల ఇరవై దగ్గర చదవడం ఆపేశాడు.

"చాలమ్మా," అన్నాడు.

"ఇంకా సగమే అన్నా," అంది తస్లీమా.

చివరి పలక దాటేసరికి మీటరులో ఆరొందల నలభై నిలిచింది. మద్దిలేటి గట్టు మీద కూలబడ్డాడు. అంత వోల్టేజిని తను బురదలో నిలబడిన చెల్లెలి చేతికి అందించాడు. ఒక కొస ఇచ్చి, రెండోది కూడా ఇవ్వబోయాడు.

"రెండో వైరు చేతికి అంది ఉంటే?" అని అడిగాడు.

"బురదలో పడబట్టి కొంత బలం మట్టిలో పోయింది. రెండు చేతులకూ అంది ఉంటే మొత్తం గుండె మీదుగా పోయేది," అంది తస్లీమా. 

మద్దిలేటికి అక్కడితో భయం తీరాల్సింది. తీరలేదు. తను ఇన్నేళ్లుగా ఎన్ని ఇళ్లలో ఉత్త వేళ్లతో వైర్లు పట్టి చూపించాడో గుర్తుకొచ్చింది. ఆ ఇళ్లలో ఎంతమంది తర్వాత మోటార్లు పెట్టుకున్నారో అతనికి తెలియదు. తన మాట ఎవరి మనసులో, ఏ పొలం గట్టున కాచుకుని ఉందో తెలియదు. మర్నాటి నుంచి దీపాల పని మానేసి, బండి తీసుకుని తను ఎక్కిన గడపలన్నీ మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు.

గుట్ట మీద కంబగిరి అనే గొర్రెల కాపరి అతని మాట విని చేతిలోని పని వదిలేశాడు.

"మా తమ్ముడి చేనులో కూడా అట్లాంటి మోటారే పెట్టినారు. వానిది మొరాయిస్తుందని మొన్ననే ఫోన్ చేసినాడు. నేను చెప్పినా, పట్టుకో ఏం కాదు, మద్దిలేటి పట్టుకుని చూపించినాడని."

మద్దిలేటి అతని భుజం పట్టుకున్నాడు.

"ఫోన్ చెయ్," అన్నాడు.

కంబగిరి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. ఇద్దరూ బండి ఎక్కారు. దారంతా ఎండ మండిపోతోంది. ఒక్క మబ్బు అడ్డం రాకూడదా అని మద్దిలేటి ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు.

చేను కనబడేసరికి కంబగిరి తమ్ముడు పలకల కింద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పరిచిన తువ్వాలు మీద కటింగ్ ప్లేయర్ ఉంది. వైరు ఎక్కడ దెబ్బతిన్నదో చేత్తో తడుముతూ వస్తున్నాడు. ఫోన్ చెట్టు కింద ఉండిపోయింది. మద్దిలేటి బండి పడేసి పరుగెత్తాడు.

"చేయి తీయ్. నేను చెప్పింది తప్పు. నాకు తెలియక చెప్పాను. చేయి తీయ్," అన్నాడు.

కంబగిరి తమ్ముడు చేయి తీశాడు. అతని వేళ్లకు జానెడు దూరంలో వైరు మీది తొడుగు పగిలి రాగి మెరుస్తోంది. ముగ్గురూ దాన్ని చూశారు. 

సుంకమ్మ కుదురుకోవడానికి నెలలు పట్టింది. కుడి చేతి వేళ్లు రెండు పూర్తిగా ముడుచుకోవు. ఉల్లిగడ్డలు ఎడమ చేత్తో పీకడం నేర్చుకుంది. తస్లీమా పని చేసే చోటే మద్దిలేటి శిక్షణకు చేరి, గొలుసుగా కలిపిన పలకల పని మొదటి నుంచి నేర్చుకున్నాడు. ఇప్పుడు ఏ పొలానికి వెళ్లినా ముందు మొత్తం వరుసకు మీటరు పెట్టి, వచ్చిన అంకెను ఇంట్లోవాళ్లందరికీ చూపిస్తాడు.  

పిల్లలూ, ఒక్కొక్కటి విడిగా చిన్నదే కదా అని ఏ అపాయాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. ఒకదానికొకటి తోడై మొత్తం ఎంతవుతుందో తెలుసుకున్నాకే దాని మీద చేయి వేయాలి, ఇంకొకరిని వేయమనాలి.